మా తండ్రి, మన వీధి

మా గుడిలో ఆడవాళ్లు ఎడమ వైపు, మగవాళ్లు కుడి వైపు కూర్చుంటారు. ఎడమ వైపు రెండో స్తంభం దగ్గర, చాప అంచున ఒక అవ్వ కూర్చునేది. మోకాళ్లు వంగవు కాబట్టి స్తంభానికి వీపు ఆనించి కాళ్లు చాపుకునేది. జపమాల ఎప్పుడూ కొంగు ముడిలోనే ఉండేది. పాట ఎత్తుకోవడం మాకు కాస్త ఆలస్యమైతే తనే ఎత్తుకునేది. ఒక్కోసారి మేము అనుకున్న పాట ఒకటి, ఆవిడ ఎత్తుకున్నది ఇంకొకటి అయ్యేది. అప్పుడు గుడంతా ఆవిడ పాటే పాడేది.

నేను పాటల బృందంలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఆ స్తంభం నేను నిలబడే చోటికి ఎదురుగానే ఉంటుంది. అయినా ఆవిడ వరుసగా మూడు ఆదివారాలు రాలేదన్న సంగతి నా కంటికి ఆనలేదు. నాలుగో ఆదివారం ఆ చోట ఎవరో తల్లి పసిబిడ్డను పడుకోబెట్టింది. స్తంభం పక్కన ఆవిడకు బదులు బిడ్డ కనిపించేసరికి గుండె గతుక్కుమంది.

ఆ సాయంత్రమే వెళ్లాను. దొడ్లో జారిపడి తుంటి ఎముక విరిగిందట. నులక మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. నన్ను చూడగానే నొప్పి సంగతి చెప్పలేదు, ఎందుకు రాలేదని నిష్ఠూరమాడలేదు. "పోయిన ఆదివారం ఏం పాటలు పాడారమ్మా?" అని అడిగింది. చెప్పబోతే గొంతు పెగల్లేదు. పాడిన పాటలన్నీ వరుసతో సహా నాకు గుర్తున్నాయి. ఆవిడ లేదన్నదే నాకు పట్టలేదు.

దేవుణ్ని పూర్ణ హృదయంతో ప్రేమించాలి, పొరుగువాణ్ని మనలాగే ప్రేమించాలి అని జ్ఞానోపదేశం తరగతిలో అందరం నేర్చుకున్నాం. ధర్మశాస్త్రంలో ప్రధానమైన ఆజ్ఞ ఏదని అడిగితే యేసుప్రభువు ఒకటి చెప్పి ఊరుకోలేదు. ద్వితీయోపదేశకాండంలోంచి ఒకటి, లేవీయకాండంలోంచి ఒకటి తీసి రెంటినీ ముడివేశాడు. మనమేమో ఆ ముడి విప్పేసి, మొదటిది ఆదివారం ఉదయానికి, రెండోది తీరిక దొరికిన రోజుకు పంచి పెట్టుకున్నాం. నేను గొంతెత్తి దేవుణ్ని స్తుతిస్తున్న ఆ మూడు ఆదివారాలూ ఆ ముడి విప్పుకునే ఉన్నాను. దాన్ని మళ్లీ ఎలా వేసుకోవాలో, అందుకు విచారణ (ఒక గుడికి చెందిన విశ్వాసుల సంఘం) మనకు ఎలా సాయపడుతుందో ఈ అధ్యాయంలో చెప్పాలని ఉంది.

మన తెలుగులో 'మేము' వేరు, 'మనం' వేరు. ఎదుటివాళ్లను కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. చాలా భాషల్లో ఈ తేడా లేదు. పరలోక జపంలో దేవుణ్ని 'మా' తండ్రి అంటాం. మాట్లాడుతున్నది ఆయనతోనే కాబట్టి అక్కడ 'మా' అనే అనాలి. ఆ జపం మొత్తం వెతికినా 'నా' అనే మాట లేదు. తలుపు వేసుకుని ఒంటరిగా చెప్పినా ఆహారం 'మాకు' కావాలనే అడగాలి, క్షమాపణ 'మాకు' కావాలనే అడగాలి. ఒక్కరు చెప్పుకున్నా అది పదిమంది ప్రార్థనే.

చిక్కంతా గుడి మెట్లు దిగాక వస్తుంది. దేవుని ముందు పలికిన 'మా'ను చెప్పులు వేసుకుంటూనే మనుషుల మీద వాడేస్తాం. మా పేట, మా వాళ్లు, మా సంఘం, మా బృందం. దేవుడితో 'మా' అన్నవాళ్లం పొరుగువాళ్ల దగ్గరికి వచ్చేసరికి 'మన' అనాలి. విచారణ ఉన్నది ఇది నేర్పడానికేనని నా నమ్మకం. మంచి ప్రసంగం వినాలంటే సెల్‌ఫోన్ ఉంది, పాటలూ అందులోనే ఉన్నాయి. రెండో స్తంభం దగ్గర ఎవరు రాలేదో చూపించేది మాత్రం గుడే.

155వ సంవత్సరం ప్రాంతంలో పునీత జస్టిన్ రోము చక్రవర్తికి ఒక విన్నపం రాశాడు. క్రైస్తవులు ఆదివారం ఏం చేస్తారో అందులో వివరించాడు. పట్టణాల్లోవాళ్లు, పల్లెల్లోవాళ్లు ఒకచోట చేరతారు. వ్యవధి ఉన్నంతసేపు అపొస్తలుల, ప్రవక్తల రాతలు చదువుతారు. పెద్ద ప్రసంగిస్తాడు. అందరూ లేచి నిలబడి కలిసి ప్రార్థిస్తారు. రొట్టె, ద్రాక్షరసం, నీళ్లు తెస్తారు, పెద్ద కృతజ్ఞతలు చెల్లిస్తాడు, జనం ఆమెన్ అంటారు, పంచుకుంటారు. ఈ రోజు మన దివ్యబలిపూజకు వచ్చినవాళ్లు కూడా దీన్ని వెంటనే గుర్తుపడతారు. నన్ను ఆపేసింది మాత్రం ఆ తరువాతి రెండు సంగతులు. రాలేకపోయినవాళ్లకు డీకన్లు ఆ ప్రసాదాన్ని తీసుకెళ్లి ఇస్తారట. ఉన్నవాళ్లు ఇష్టపూర్వకంగా ఇచ్చినది పెద్ద దగ్గర ఉంచితే ఆయన అనాథలకు, విధవలకు, రోగులకు, చెరసాలలో ఉన్నవాళ్లకు, పరదేశులకు ఖర్చుపెడతాడట. రానివాళ్లను తలచుకోవడం పూజ ముగిశాక గుర్తొస్తే చేసే పని కాదు వాళ్లకు. అది పూజలోనే ఒక భాగం.

నా చిన్నతనంలో మా ఊరి ఉపదేశి ఇలాగే చేసేవాడు. గంట కొట్టేది ఆయనే, ప్రార్థనలు చెప్పించేది ఆయనే. స్వాములవారు నెలకో రెండు నెలలకో వచ్చేవారు, మిగతా రోజులన్నీ ఉపదేశి మీదే గడిచేవి. ఆదివారం ప్రార్థన అయ్యాక అన్నానికి ఇంటికి వెళ్లకుండా కండువా దులిపి భుజాన వేసుకుని పేట చుట్టూ ఒకసారి తిరిగేవాడు. గుడికి రానివాళ్ల గుమ్మం ముందు ఆగి "ఒంట్లో బాగోలేదా?" అనేవాడు. ఎందుకు రాలేదని అడగడం నేనెప్పుడూ వినలేదు. ఆ రెండు ప్రశ్నలకూ ఎంత దూరమో పెద్దయ్యాక తెలిసింది.

కాబట్టి ముందుగా చేయవలసింది ఇదే. ఈ ఆదివారం గుడికి పది నిమిషాలు ముందు వెళ్లండి. మీరు రోజూ కూర్చునే చోటే కూర్చోండి. మీ ముందు, వెనక, పక్కన ఉండే ఐదుగురిని గుర్తుపెట్టుకోండి. పేరు తెలియకపోతే అడిగి తెలుసుకోండి. ఏళ్ల తరబడి పక్కన కూర్చుని పేరు అడగాలంటే మొహమాటంగానే ఉంటుంది, అయినా అడగండి. ఆ ఐదుగురిలో ఒకరు వరుసగా రెండు వారాలు కనిపించకపోతే ఇంటికి వెళ్లండి. ఫోన్ చేస్తే "బాగానే ఉన్నామండీ" అంటారు. గుమ్మంలో నిలబడితే అసలు సంగతి బయటికి వస్తుంది. మూడో వారం దాకా ఆగకండి. నేను ఆగాను, అందుకే చెబుతున్నాను.

ఊరు విడిచి వెళ్లినవాళ్లు కూడా రానివాళ్లలోకే వస్తారు. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉన్న పిల్ల, గల్ఫ్‌లో ఇంటి పనికి వెళ్లిన తల్లి. గల్ఫ్‌లో చాలా దేశాల్లో సెలవు శుక్రవారం కాబట్టి అక్కడి గుళ్లలో ఆదివారపు పూజను శుక్రవారం కూడా జరుపుతారు. శుక్రవారం పొద్దున వాళ్లను ఒకసారి తలచుకోండి, సాయంత్రం మాట్లాడండి. మీరే కొత్త ఊరు వెళితే మొదటి నెలలోనే అక్కడి విచారణ గురువుల దగ్గర పేరు రాయించుకోండి. జ్ఞానస్నాన పత్రం కోసం పెళ్లి ముందర పరుగులు పెట్టే అవసరం రాకుండా ఉండటం ఒక్కటే కాదు దీని వల్ల లాభం. మీరు రాకపోతే గుర్తించే మనిషి ఒకరు ఆ ఊళ్లో ఏర్పడతారు.

జబ్బుపడినవాళ్ల విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ భయాలు ఎక్కువ. ఇంట్లో ఎవరైనా మంచాన పడితే ఫాదర్ గారికి కబురు చేయడానికి వెనకాడతాం. ఆయన ఇంటికి వస్తే చుట్టుపక్కలవాళ్లు ఇక ఆశ లేదనుకుంటారని మన బెంగ. వ్యాధిగ్రస్తుల అభ్యంగనం ప్రాణం పోయే వేళకే దాచుకోవలసిన సంస్కారం కాదు. పెద్ద జబ్బు చేసినప్పుడు, పెద్ద ఆపరేషన్‌కు ముందు, వయసు పైబడి ఒళ్లు ఉడిగిపోయినప్పుడు తీసుకోవచ్చు. కోలుకుని మళ్లీ జబ్బుపడితే మళ్లీ తీసుకోవచ్చు. మనిషికి తెలివి ఉండగా, తనూ ప్రార్థనలో గొంతు కలపగలిగినప్పుడు తీసుకుంటే ఎంత ఊరటో దగ్గరుండి చూశాను. మాట పడిపోయాక పిలిచి ఏడ్చిన ఇళ్లూ చూశాను.

సత్ప్రసాదం ఇంటికి వస్తుందంటే హడావుడి పడనక్కర్లేదు. మంచం పక్కన ఒక చిన్న బల్ల, దాని మీద ఉతికిన తెల్లగుడ్డ, ఒక సిలువ, ఒక కొవ్వొత్తి, ఒక గ్లాసుడు మంచినీళ్లు చాలు. సత్ప్రసాదానికి ముందు గంటసేపు ఏమీ తినకూడదన్న నియమం ముసలివాళ్లకు, రోగులకు, వాళ్లకు సేవ చేస్తున్నవాళ్లకు వర్తించదు. మాత్రలు వేసుకోవాలని రెండు ఇడ్లీలు తిన్న అవ్వను పస్తు తప్పిందని బాధపెట్టకండి. టీవీ ఆపేయండి. మనవలను బయటికి తరమకండి, దగ్గర కూర్చోబెట్టుకోండి.

ఇక గుడిలో మనం నోరు తెరిచి చెప్పే ప్రార్థన. రెండో వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న దైవార్చన మీద పత్రం వెలువరించింది. పూజలో జనం ప్రేక్షకుల్లా కూర్చోకుండా తెలిసి, మనసు పెట్టి పాలుపంచుకోవాలని కోరింది, జనం భాషకు తలుపు తెరిచింది. అంతకు ముందు ఫాదర్ గారు లాటిన్‌లో పూజ చేస్తుంటే మా నాయనమ్మ వెనక కూర్చుని తన జపమాల తను చెప్పుకునేది. ఆవిడ భక్తిని నేను తక్కువ చేయను. కానీ ఊరి కష్టాలను ఊరి భాషలో దేవుని ముందు పెట్టే భాగ్యం మన తరానికి దక్కింది. విశ్వాసుల ప్రార్థనలను కూడా తిరిగి నిలబెట్టింది ఆ సభే. శ్రీసభ కోసం, పాలకుల కోసం, కష్టాల్లో ఉన్నవాళ్ల కోసం, మన ఊరి కోసం అని వాటికి ఒక వరుస ఉంది.

ఆ ప్రార్థనలు రాసే పని ఎప్పుడైనా మీకు అప్పజెబితే పుస్తకంలోంచి ఎత్తి రాయకండి. శనివారం సాయంత్రం వీధిలో ఒక చుట్టు తిరిగి రండి, తరువాత రాయండి. లోకంలోని పేదలందరి కోసం అని రాస్తే ఎవరి మనసూ కదలదు. "వాన మధ్యలో తెగిపోయి మిర్చి ఎండిపోతున్న కౌలు రైతుల కోసం, వాళ్లకు అప్పిచ్చినవాళ్ల మనసు మెత్తబడాలని" అని రాస్తే గుడిలో సగం మంది తలలు ఎత్తుతారు. ఒక్క ఊపిరిలో చదవగలిగేంత చిన్నదిగా ఉండాలి. ఒకరి జబ్బును వాళ్ల అనుమతి లేకుండా పేరుతో చదవకూడదు. గిట్టనివాళ్లకు బుద్ధి చెప్పడానికి ప్రార్థనను వాడకూడదు. ఇంకో మాట, ఇది చాలా ముఖ్యమని నా అభిప్రాయం. మీరు దేని కోసం ప్రార్థన చదివారో దాని కోసం ఆ వారంలో చిన్న పనైనా చేయండి. కౌలు రైతు కోసం చదివితే బ్యాంకు కాగితం ఒకటి నింపిపెట్టండి.

పూజలో ఒకరికొకరు సమాధానం చెప్పుకునే ఘట్టం గురించి నాకు సొంత అనుభవం ఉంది. మామగారి పొలం గట్టు విషయంలో మా తోడికోడలికీ నాకూ మాట పట్టింపు వచ్చి రెండేళ్లు పలకరింపులు లేవు. ఇద్దరం ఒకే గుడికి వెళ్లేవాళ్లం. సమాధానం చెప్పుకోమనగానే నేను చేతులు జోడించి కుడి వైపు, వెనక వైపు తిరిగేదాన్ని. ఆవిడ ఉన్న ఎడమ వైపు తిరిగేదాన్ని కాదు. ఆ వెంటనే వెళ్లి సత్ప్రసాదం తీసుకునేదాన్ని. బలిపీఠం దగ్గరికి కానుక తెచ్చినప్పుడు నీ సోదరుడికి నీ మీద మనసులో ఏదైనా ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వెళ్లి రాజీపడమని మత్తయి సువార్త 5వ అధ్యాయంలో ప్రభువు చెప్పాడు. ఆ భాగం చదివిన ఆదివారం నాకు మింగుడు పడలేదు. అతని మీద నీకు కోపం ఉంటే అనలేదాయన. అతనికి నీ మీద ఉంటే అన్నాడు. అప్పటిదాకా నేను నా కోపం లెక్కే చూసుకుంటున్నాను.

తరువాతి శనివారం చీకటి పడ్డాక వెళ్లాను. చేతిలో ఒక గిన్నెడు కొత్త చింతకాయ పచ్చడి. ఆవిడ వాకిట్లో చేట పెట్టుకుని బియ్యం ఏరుతోంది. తలెత్తి చూసింది, మళ్లీ చేటలోకి చూసింది. ఒక రాయి ఏరి పక్కన పడేసింది. ఇంకో రాయి ఏరింది. నేను నిలబడే ఉన్నాను. "అక్కా," అన్నాను. అంతకు మించి నోరు పెగల్లేదు. ఆవిడ చేట పక్కన పెట్టి, "ఇంత పొద్దుపోయి వచ్చావేంటే, అన్నం తిన్నావా?" అంది. గట్టు తగాదా ఆ రాత్రి తీరలేదు. సర్వేయరు వచ్చి గొలుసు వేసి కొలిచాక తీరింది, అదీ ఆరు నెలలకు. కానీ మర్నాడు పూజలో నేను ఎడమ వైపు తిరిగాను.

తగాదా తీరాక వెళదామని ఆగకండి. తప్పెవరిదో తేల్చుకుని వెళదామని అంతకన్నా ఆగకండి. పెళ్లిళ్లలో, పండుగల్లో, పదిమందిలో పలకరిస్తే ఎదుటివాళ్లు ఇరుకున పడతారు. ఇంటికి వెళ్లండి, ఒక్కరే వెళ్లండి, చేతిలో ఏదైనా తినేది పట్టుకెళ్లండి.

కష్టమైన మాట ఒకటి చెప్పకుండా ఈ అధ్యాయం ముందుకు సాగదు. కొరింతు క్రైస్తవులకు పౌలు రాసిన మొదటి లేఖ 11వ అధ్యాయం తీసి చూడండి. ప్రభువు భోజనానికి అని అందరూ కూడేవారు. ఉన్నవాళ్లు తమ తిండి తాము ముందే తినేసేవారు, లేనివాళ్లు ఆకలితో ఉండిపోయేవారు. పౌలుకు కోపం వచ్చింది. మీరు కలుసుకోవడం వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ జరుగుతోందని రాశాడు. పాటలు బాగా లేవనో, చదువులు బాగా లేవనో కాదు. ఒకే బల్ల దగ్గర రెండు పంక్తులు పెట్టారని.

మన పంక్తులు మనకు తెలుసు. తెలుగు నేల మీద గుడి ఒకటే అయినా కులాన్ని గుమ్మం బయట వదిలి లోపలికి వచ్చామని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలిగిన విచారణలు ఎన్ని? పండుగ తేరు ఏ వీధి గుండా వెళ్లాలి, పీటల మీద ముందు ఎవరు కూర్చోవాలి, విచారణ సంఘంలో ఎవరి మాట చెల్లాలి అనే దగ్గర అది తల ఎత్తుతూనే ఉంది. ఇది తప్పని భారత కథోలిక పీఠాధిపతులే 2016లో దళితుల సాధికారత విధానాన్ని వెలువరిస్తూ ఒప్పుకున్నారు. 2022 ఆగస్టు 27న హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారు కార్డినల్ అయ్యారు. తెలుగువారిలోంచీ, దళితుల్లోంచీ ఆ స్థానానికి చేరిన మొదటి మనిషి ఆయనే. ఆ రోజు మా విచారణలో స్వీట్లు పంచుకున్నాం. మన పక్కన చాప మీద కూర్చున్న మనిషి ఇంట్లో మనం మంచినీళ్లు తాగామా అన్నది మాత్రం రోము తేల్చే సంగతి కాదు, ఎవరికి వాళ్లం తేల్చుకోవాలి.

మంచినీళ్ల మాట వచ్చింది కాబట్టి ఇళ్లకు వెళ్లడం గురించి చెబుతాను. 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజనామ్ అనే ఇరవై ఏళ్ల కుర్రాడు, కొందరు స్నేహితులు కలిసి పేదల ఇళ్లకు వెళ్లే పని మొదలుపెట్టారు. మీ మతం ఇప్పుడు జనానికి ఏం చేస్తోందని తోటివాళ్లు నిలదీయడమే దానికి మొదలు. పేదల ఇళ్లకు ఎలా వెళ్లాలో వాళ్లకు నేర్పింది రోజలీ రాండూ అనే సిస్టర్. ఆ వాడలో పేదలను ఆవిడ అప్పటికే ఏళ్ల తరబడి చూసుకుంటోంది. అలా మొదలైందే ఈనాటి విన్సెంట్ డి పాల్ సంఘం. మన విచారణల్లో చాలా చోట్ల ఉంది. ఇద్దరిద్దరుగా ఇంటికి వెళ్లి కూర్చుని మాట్లాడటం వాళ్ల పద్ధతి. సంచి గుమ్మంలో పెట్టి వచ్చేయడం కాదు.

మీరూ ఇద్దరుగా వెళ్లండి. ఒక్కరే వెళితే మాట తడబడుతుంది, నలుగురు వెళితే ఆ ఇల్లు చాలదు. కూర్చోమన్న చోట కూర్చోండి. ఇచ్చిన మంచినీళ్లు తాగండి, టీ ఇస్తే టీ తాగండి. వద్దండీ, ఇప్పుడే తాగి వచ్చాం అనకండి. ఇచ్చే గౌరవం ఆ ఇంటికి కూడా దక్కాలి. ఇరవై నిమిషాలకు మించి ఉండకండి. పిల్లల చదువు అడగండి కానీ మార్కులు అడగకండి. ఇచ్చేది ఏదైనా ఉంటే లేచేటప్పుడు, పక్కింటివాళ్ల కళ్లు పడకుండా ఇవ్వండి. ఫోటో తీయకండి, ఎవరు అడిగినా తీయకండి. బియ్యం సంచితో నిలబడి తీయించుకున్న ఫోటో ఆ ఇంటి పిల్లవాడు పెద్దయ్యాక ఎప్పుడో ఒకరోజు చూస్తాడు.

అక్టోబరు వస్తే మా విచారణలో జపమాల ఇంటింటికీ నడుస్తుంది. మరియమాత స్వరూపం ఈ రాత్రి ఒక ఇంట్లో ఉంటే రేపు సాయంత్రం పక్కింటికి వెళుతుంది. స్టీలు గ్లాసులో బియ్యం పోసి అందులో కొవ్వొత్తి గుచ్చుతారు. అరుగు మీద, వాకిట్లో, చోటు చాలకపోతే రోడ్డు మీద చాపలు. మంగళవార్త జపం మొదటి సగం ఒకరు చెబితే రెండో సగం మిగతావాళ్లు అందుకుంటారు. జపమాలలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. మొదలుపెట్టినవాళ్లు పూర్తి చేయరు, పూర్తి చేసేవాళ్లు మొదలుపెట్టరు. ఒకరి మాట ఇంకొకరి నోట ముగుస్తుంది.

మొదలుపెట్టే పని పెద్దవాళ్ల దగ్గరే ఉంచకండి. ఒక్కో దేవరహస్యం ఒక్కొక్కరికి ఇవ్వండి, బడి పిల్లలకు, నత్తి ఉన్నవాళ్లకు కూడా. గబగబా చెప్పేవాళ్లు నెమ్మదిగా చెప్పేవాళ్ల కోసం ఆగాలి. పదో తరగతి పరీక్ష, పశువు ఈనడం, కొడుక్కి ఉద్యోగం, ఎవరి మనవి వాళ్లు ఒక్క వాక్యంలో చెప్పుకోవాలి. మొత్తం నలభై నిమిషాల్లో ముగియాలి. పొద్దున్నే పనికి పోవాల్సినవాళ్లు ఉంటారు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఒకటి. జపమాల అయ్యాక టిఫిన్లు పెట్టకండి. ఒక ఏడు మా వీధిలో మొదటి ఇంటివాళ్లు అరటిపండు పెట్టారు. రెండో ఇంట్లో ఉప్మా, నాలుగో ఇంట్లో పూరీ, వారం తిరిగేసరికి బిర్యానీ పొట్లాలు. పదో ఇంటివాళ్లు మా ఇంటికి స్వరూపం వద్దులెండి, ఇల్లు బాగు చేయిస్తున్నాం అన్నారు. ఆ ఇంట్లో తాపీ పనీ లేదు, మేస్త్రీ లేడు. ఉన్నది ఇద్దరు ఆడపిల్లలు, కూలికి వెళ్లే తల్లి. మరియమాత ఆ ఇల్లు దాటి పదకొండో ఇంటికి వెళ్లింది. ఆ పాపం మా వీధి మొత్తానిది. మరుసటి ఏడు ఫాదర్ గారి చేత గుడిలోనే చెప్పించాం, ఎవరింట్లోనైనా మంచినీళ్లే అని. ఆ సంవత్సరం పదో ఇంటి వాకిట్లో కళ్లాపి చల్లి, ముగ్గు వేసి ఉంది.

దేవుణ్ని నిజంగా ప్రేమిస్తున్నానో లేదో నాకెలా తెలుస్తుంది అని చాలామంది అడుగుతుంటారు. ఆవిలా పురికి చెందిన పునీత తెరేజా 1577లో 'ఆంతరంగిక కోట' రాస్తూ దీని దగ్గర ఆగింది. దేవుని మీద ప్రేమ మనలో ఉందో లేదో కచ్చితంగా తేల్చుకోలేం, పొరుగువారి మీద ప్రేమ ఉందో లేదో మాత్రం తెలిసిపోతుంది అని ఆవిడ అభిప్రాయం. ధ్యానంలో అంత లోతుకు వెళ్లిన సన్యాసిని ఈ మాట చెప్పింది కాబట్టి నాకు దాని మీద గురి.

పొరుగువారంటే కథోలికులే కాదని మన ప్రాంతంలో ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు. ఫిబ్రవరిలో గుణదల కొండకు వెళ్లినవాళ్లకు తెలుసు. అక్కడ తలనీలాలు ఇచ్చేవాళ్లలో, కొబ్బరికాయ కొట్టేవాళ్లలో ఎవరు ఏ మతమో ఎవరూ అడగరు. ఫిబ్రవరి 11 లూర్దుమాత పండుగ. రెండో జాన్ పాల్ పోపుగారు 1993 నుంచి ఆ రోజునే ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా కూడా జరిపిస్తూ వచ్చారు. గుణదల వెళ్లలేని రోగి మీ వీధిలో ఉంటే ఆ రోజు వాళ్ల ఇంటికి వెళ్లండి. అది ఏ మతం వాళ్ల ఇల్లైనా సరే.

మా అవ్వ మళ్లీ గుడికి రాలేకపోయింది. మొదటి శుక్రవారం నాడు ఫాదర్ గారు సత్ప్రసాదం తెచ్చేవారు, మేము నలుగురం వెంట వెళ్లేవాళ్లం. మంచం కిటికీ దగ్గరికి జరిపారు. కిటికీ అవతల పక్కింటి వాకిలి. ఆ ఇంటావిడ వేంకటేశ్వరస్వామి భక్తురాలు, శనివారం ఉపవాసం తప్పదు. అవ్వకు పొద్దున్నే కాఫీ పట్టుకొచ్చేది, పక్కబట్టలు మార్చడంలో కోడలికి సాయం పట్టేది, ఎవరూ చెప్పకుండానే.

ఒక శుక్రవారం సత్ప్రసాదం తీసుకున్నాక అవ్వ జపమాల చేతిలోకి తీసుకుంది. మేము పాటకు సిద్ధమవుతున్నాం, ఏ పాట అని ఒకరి మొహం ఒకరం చూసుకుంటున్నాం. అవ్వ మా కోసం ఆగలేదు, ఎప్పటిలాగే. కళ్లు మూసుకుని మంగళవార్త జపం మొదటి సగం చెప్పింది, గొంతు సన్నగా వణుకుతోంది. మేము అందుకునే లోపే గడప దగ్గర నుంచి రెండో సగం వినిపించింది. కాఫీ గ్లాసు కోసం వచ్చిన పక్కింటావిడ తలుపు రెక్క పట్టుకుని నిలబడి ఉంది. కిటికీలోంచి రోజూ విని విని ఆవిడకు వచ్చేసింది. ఒక్క మాట తప్పు లేకుండా చివరిదాకా చెప్పింది. అవ్వ కళ్లు తెరవకుండానే రెండో పూస జరిపింది.